రంగుకు ముందు గీత

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన పూలకూజా ఫోటోలు చూశాను. రంగు బాగా కుదిరింది. పసుపు మీద ఎర్ర పట్టీ ఎక్కడా చెదరలేదు, లక్క మెరుపు నిండుగా వచ్చింది. కొనేవాళ్లు కొంటారు కూడా. అయినా ‘బాగుంది తల్లీ’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోబుద్ధి కావడం లేదు. ఎందుకంటే నీకు పని వచ్చేసింది. పని రానివాళ్లకి ఉలి ఎలా పట్టాలో చెబితే చాలు. ఆకారం గురించి చెప్పాల్సింది పని వచ్చినవాళ్లకే.

నీ కూజాకి అడుగు ఉంది, పొట్ట ఉంది, మెడ ఉంది, మూతి ఉంది. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. కలిపి చూస్తే మాత్రం నలుగురు చేసినట్టుంది. పొట్ట గుండ్రంగా వచ్చి ఒకచోట ఆగిపోయింది. అక్కణ్నుంచి మెడ నిటారుగా లేచింది. మూతి దగ్గరకొచ్చేసరికి నీకు మరో ఆలోచన వచ్చినట్టుంది. చూసేవాళ్ల కన్ను కింద మొదలుపెడితే ఎక్కడా తట్టుకోకుండా పైదాకా పోవాలి. నీ కూజా మీద మూడుచోట్ల తట్టుకుంటోంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటే: అడుగు నుంచి మూతి దాకా ఒకే గీత నడవాలి, అది ఎక్కడా తెగకూడదు. మిగతా ఉత్తరమంతా ఆ గీత ఎక్కడెక్కడ తెగుతుందో, ఎలా పట్టుకోవాలో చెప్పడానికే.

మన లక్క పనిలో ఇది మరీ ముఖ్యం. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది కాబట్టి ఉత్త కర్ర మీద చిన్న వంకర కంటికి ఆనదు. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దేసరికి తళతళలాడుతుంది. ఆ తళుకే నీ గుట్టు బయటపెడుతుంది. పూర్తయిన కూజాని కిటికీ పక్కన నిలబెట్టి చూడు, పైనుంచి కిందకి తెల్లటి వెలుగు గీత ఒకటి పడుతుంది. వంపు సాఫీగా ఉంటే ఆ గీత నెమ్మదిగా సన్నబడుతూ, నెమ్మదిగా లావెక్కుతూ పోతుంది. కర్ర చదునుగా ఉండిపోయిన చోట వెలుగు సాగి మరకలా నిలుస్తుంది. గట్టు మిగిలిన చోట పుటుక్కున తెగుతుంది. నువ్వు పంపిన రెండో ఫోటోలో భుజం కింద ఉన్న మరక అదే. నువ్వు అది ఫోన్ ఫ్లాష్ అనుకుని ఉంటావు.

చిక్కేమిటంటే, ఆ వెలుగు గీత కనబడేసరికి లక్క వేయడం అయిపోయింది. అందుకని అంతకు ముందే పట్టుకోవాలి. దానికి మూడు దారులున్నాయి.

మొదటిది, లేత్ తిరుగుతున్నప్పుడు ఉలి మొనని చూడకు. అందరూ అదే చూస్తారు, పొట్టు ఎగిరేది అక్కడే కాబట్టి. మొన దగ్గర చూస్తే తెగిన కర్ర కనబడుతుందే తప్ప వంపు కనబడదు. తిరిగే కర్ర పై అంచు చూడు. వెనక గోడకి ఒక నల్ల గుడ్డ తగిలించు. తెల్ల కర్ర అంచు ఆ నలుపు మీద ఒక గీతలా నిలబడుతుంది. నీ చెయ్యి కదిలినకొద్దీ ఆ గీత మారడం కనబడుతుంది. ఉలి సంగతి చేతికి వదిలెయ్, దానికి తెలుసు.

రెండోది, లేత్ ఆపి చేత్తో తడిమి చూడటం. పూర్తిగా ఆగాకే సుమా. చున్నీ నడుముకి బిగించి కట్టుకోమని, జడ వెనక్కి ముడేసుకోమని మళ్లీ చెబుతున్నాను, విసుక్కోకు. కళ్లు మూసుకుని బొటనవేలూ చూపుడువేలూ చెరోపక్క పెట్టి అడుగు నుంచి పైకి జార్చు. కన్ను దాటేసిన గట్టు కూడా వేలికి తగులుతుంది. తగిలిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఆ గుర్తు మీద మాత్రం ఉలి పెట్టకు. గట్టు ఉన్నచోటే తీస్తే పక్కన కొత్త గట్టు లేస్తుంది. దానికి అంగుళం అవతల మొదలుపెట్టి, అంగుళం ఇవతల దాకా ఒకే కోతలో తీసుకురావాలి.

మూడోది, చూపు మార్చడం. చేస్తున్నంతసేపూ కూజా లేత్ మీద పడుకునే ఉంటుంది. కొనేవాళ్లు దాన్ని నిలబెట్టి చూస్తారు. పడుకున్నప్పుడు నాజూగ్గా ఉన్న మెడ నిలబెడితే పీలగా కనబడొచ్చు. అందుకని మధ్యమధ్య ఫోన్‌తో ఫోటో తీసి, నిలువుగా తిప్పి చూసుకో. తలకిందులుగా కూడా చూడు. తలకిందులుగా చూస్తే అది కూజా అన్న సంగతి మనసు మరిచిపోయి ఉత్త ఆకారాన్నే చూస్తుంది. సాయంత్రం దీపాలు వెయ్యకముందు గుమ్మానికి ఎదురుగా పెట్టి నీడలా చూసినా అంతే. రంగూ మెరుపూ పోయి గీతొక్కటే మిగులుతుంది.

ఇక ఆ గట్లు ఎందుకు వస్తాయో చెబుతాను. రెండు కారణాలు. ఒకటి, పొట్ట మీద కోత ఎప్పుడూ లావు నుంచి సన్నానికి దిగాలి. అప్పుడే తెగే పోగుకి కింద ఇంకో పోగు ఆసరా ఉంటుంది. ఎదురెక్కితే పోగు లేచిపోతుంది. ఇది నీకు తెలిసిందే. అయితే మెడ దగ్గర లోపలికి వంగే చోట రెండు వైపుల నుంచీ దిగి మధ్యలో కలపాలి కదా, ఆ కలిసే చోటే గట్టు మిగులుతుంది. ఆఖరి కోత రెండు వైపుల నుంచీ మరీ పలచగా, ఇప్పుడే పదును పెట్టిన ఉలితో తీస్తే అది మాయమవుతుంది. రెండో కారణం భయం. ఇంకొంచెం తీస్తే పాడవుతుందేమో అని ఆగిపోతావు. ఆగిన చోటల్లా చదును మిగులుతుంది. ఆ చదునుని గరుకు కాగితంతో సరిచేద్దాం అనుకుంటావు. గరుకు కాగితం వంపుని సరిచెయ్యదమ్మా, నునుపు చేస్తుందంతే. 120 నంబరు కాగితం పెట్టి ఎంతసేపు రుద్దినా చదును నున్నటి చదునవుతుంది. పైగా కోసుగా ఉండాల్సిన మూతి అంచు కూడా అరిగిపోతుంది. ఆకారం పని ఉలితోనే అయిపోవాలి. కాగితానికి మిగిలేది ఉలి జాడలు తుడవడం ఒక్కటే.

సరే, ఏ వంపు మంచి వంపు? కంపాస్ పెట్టి గీసిన సున్నా ముక్క తప్పు లేని వంపే. అది ఈ చివర నుంచి ఆ చివరికి ఒకేలా వంగుతుంది. అందుకే కూజా పొట్ట మీద చప్పగా ఉంటుంది. నీ పొట్ట అలాంటిదే. మంచి వంపు ఒకచోట గట్టిగా వంగి, అక్కణ్నుంచి రెండు వైపులా మెల్లమెల్లగా సర్దుకుంటూ పోవాలి. ఎక్కడా ఉన్నట్టుండి మారకూడదు. ఇది నేర్చుకోవడానికి ఖర్చులేని గురువు ఒకటుంది. చెక్క మీద రెండు మేకులు కొట్టి సన్నటి గొలుసు వదులుగా వేలాడదియ్. గొలుసు వెంబడి పెన్సిల్‌తో గీసి, చెక్కని పక్కకి తిప్పు. అదే కూజా పొట్ట సగం గీత. రెండు మేకులు ఒకే ఎత్తున ఉంటే పొట్ట నడిమికొస్తుంది. ఒకటి కిందకి దించితే పొట్ట ఆ మేకు వైపు జరుగుతుంది. గొలుసు పొడుగు పెంచితే బొజ్జ పెరుగుతుంది. ఎలా మార్చినా గొలుసు మాత్రం చదును చూపించదు, గట్టు చూపించదు. బార్సెలోనాలో గౌడీ అనే భవనశిల్పి ఇలాగే గొలుసులూ తాళ్లూ వేలాడదీసి, ఆ ఆకారాన్ని తలకిందులు చేసి తన కమానులకి వంపులు కట్టాడు. అంత పెద్ద కట్టడాలకి పనికొచ్చిన ఉపాయం మన 9 అంగుళాల కూజాకి పనికిరాదా?

పొట్ట నడిమికొస్తుంది అన్నాను కదా, అక్కడే జాగ్రత్త. సరిగ్గా సగం ఎత్తులో పొట్ట పెడితే పైసగం కిందసగం ఒకదానికొకటి సరిపోయి కూజా నిద్రపోతుంది. 9 అంగుళాల ఎత్తు అయితే అత్యంత లావు 4.5 దగ్గర కాకుండా, కిందనుంచి 3 దగ్గరో 6 దగ్గరో పెట్టు. 3 దగ్గర పెడితే కూర్చున్నట్టు, నిండుగా, మన మట్టి కూజాల తీరులో ఉంటుంది. 6 దగ్గర పెడితే భుజాలు విరుచుకుని నిలబడుతుంది. చైనా వాళ్ల మెయ్‌పింగ్ కూజాలు ఆ రెండో రకం. భుజం పైన ఉంటుంది, మెడ పొట్టి, మూతి చిన్నది, కిందకి సన్నబడుతూ దిగుతుంది. మొదట్లో మద్యం దాచుకోవడానికి వాడినవి, తర్వాత ఒకే ఒక్క పూలకొమ్మ పెట్టడానికి పేరుపడ్డాయి. నెట్‌లో బొమ్మలు దొరుకుతాయి. చూడు, చూసి గియ్. నకలు చెయ్యమని కాదు. భుజం దగ్గర గీత ఎంత గట్టిగా తిరిగి ఎంత నింపాదిగా దిగుతుందో చెయ్యి గుర్తుపెట్టుకోవాలని.

కొందరు బంగారు నిష్పత్తి అనీ 1.618 అనీ లెక్కలు చెబుతారు. మొదలుపెట్టడానికి ఏదో ఒక కొలత కావాలి కాబట్టి మూడో వంతు చాలు, అంతకన్నా దాన్ని దేవుణ్ని చెయ్యక్కర్లేదు. 1.6కీ 1.65కీ తేడా చెప్పగల కన్ను నేనైతే చూడలేదు. చదును పడిన పొట్ట మాత్రం చిన్నపిల్లలకీ తెలిసిపోతుంది. ఎందుకో చెప్పలేరు, ఇంకో కూజా చేతిలోకి తీసుకుంటారు.

మన ఇళ్లల్లో ఉండే చెంబుని ఎప్పుడైనా నిదానంగా చూశావా? భారత ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి వచ్చిన చార్లెస్, రే ఈమ్స్ అనే డిజైనర్ దంపతులు 1958లో ఒక నివేదిక రాసిచ్చారు. ఆ నివేదికతోనే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. దేశమంతా తిరిగి ఎన్నో వస్తువులు చూసినవాళ్లు, అన్నింటిలోకీ గొప్పదిగా ఎంచి ఆ నివేదికలో చెప్పుకొచ్చింది ఏ రాచకొలువు వస్తువు గురించో కాదు, చెంబు గురించి. ఎన్ని నీళ్లు పట్టాలి, నడుం మీద పెట్టుకుంటే ఎలా ఉండాలి, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎక్కడ పడుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడ, ఒంపితే ధార ఎలా రావాలి, తోమడానికి చెయ్యి పడుతుందా అంటూ ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ పోయారు. ఆ వంపుని ఒక్కడు కూర్చుని గియ్యలేదు, తరాల తరబడి వాడకమే అరగదీసి ఇచ్చింది. ఇది నీకెందుకు చెబుతున్నానంటే, నీ కూజా వంపుకి కూడా అలాంటి ప్రశ్నలుండాలి. ఇందులో నీళ్లు పొయ్యరు. ఎండుపూలో, ఎండు గడ్డి వెన్నులో పెడతారు. అవి పొడుగ్గా ఉంటాయి. కర్ర కూజా తేలిక. ఫ్యాన్ గాలికి ఊగి పడిపోకూడదు. పిల్లలున్న ఇంట్లో బల్ల మీద ఉండాలి. ఎవరైనా తీసేటప్పుడు మెడ పట్టుకునే తీస్తారు, మెడ వేళ్లకి అందాలి. ఇవన్నీ అడుగుకీ మెడకీ కొలతలు చెబుతాయి.

అడుగు సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, నీ కూజా అక్కడే బరువెక్కింది. పొట్ట వ్యాసంలో మూడో వంతు అడుగు ఉంటే చూడ్డానికి లేచినట్టుంటుంది. 4.5 అంగుళాల పొట్టకి 1.5 అన్నమాట. మరీ తేలికైన అంకుడు కూజాకి అది చాలదు, పైన పూల బరువు పడితే ఒరుగుతుంది. అందుకని భయపడి నువ్వు దాదాపు 3 అంగుళాలు ఉంచేశావు, కూజా నేలకి అతుక్కుపోయింది. మధ్యే మార్గం ఉంది. 2 అంగుళాలు ఉంచి, నేల తగిలే అంచుని కాస్త లోపలికి ఏటవాలుగా కోసెయ్. ఆ సందులో సన్నటి నీడ పడి, కూజా నేల మీద ఆనినట్టు కాక కాస్త లేచినట్టు కనబడుతుంది. నిలకడకి నిలకడ, నాజూకుకి నాజూకు. అడుగు మట్టాన్ని కూడా మధ్యలో కాస్త లోతు చెయ్, అప్పుడు అంచు మీదే నిలబడుతుంది, ఊగదు. లోపల తొలిచేటప్పుడు కింద కాస్త మందం వదిలితే బరువు కిందకి దిగుతుంది. అయితే కర్ర బాగా ఆరి ఉంటేనే ఆ పని చెయ్. పచ్చి కర్రలో ఒకచోట మందం ఒకచోట పలచన ఉంటే ఆరేటప్పుడు పగులుతుంది. పగలకపోయినా గుండ్రం కాస్తా కోలగా మారుతుంది. కర్ర అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు.

పనిలో వరస కూడా చూసుకో. బయటి వంపు పూర్తిగా తేలాకే లోపల తొలవడం. అడుగుని మాత్రం ఆఖరికి ఉంచు. ముందే సన్నం చేస్తే పైభాగం అదురుతుంది, అదురుతున్న కర్ర మీద ఏ చేతికీ గీత కుదరదు.

మెడ దగ్గర ఉబ్బెత్తు గీత లోపలికి తిరుగుతుంది చూడు, కూజా మొత్తంలో కష్టమైన చోటు అదే. ఉబ్బు నుంచి పల్లానికి మారే క్షణం ఒక బిందువులా ఉండాలి. అక్కడ అర అంగుళం తిన్నటి ముక్క మిగిలిపోతే, రెండు వేర్వేరు కూజాల్ని అతికించినట్టుంటుంది. మూతి అంచు పలచగా, కొద్దిగా బయటికి ఒరిగి, పొట్ట మొదలుపెట్టిన మాటని పూర్తిచేసినట్టు ఉండాలి. మందపాటి మూతి పెడితే ఎంత మంచి పొట్టయినా దండగే. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఇప్పుడు పట్టీలూ గీతలూ. నీ ఎర్ర పట్టీ పొట్ట మీద అడ్డంగా, సరిగ్గా లావైన చోటుకి అర అంగుళం కింద పడింది. పట్టీ ఎక్కడ ఉంటే కన్ను అక్కడ ఆగుతుంది. అసలు లావు ఒకచోట, పట్టీ ఇంకోచోట ఉంటే పొట్ట జారినట్టు కనబడుతుంది. పట్టీ పెడితే గీత మలుపు తిరిగే చోటే పెట్టు, మెడ మొదలులోనో, అడుగు పైనో. లోతు గాళ్లు ఎక్కువ కొట్టకు. లక్క కడ్డీ వాటి మూలల్లోకి సరిగా పోదు, మొగలి ఆకూ పోదు. అసలు చాలామంది గాళ్లు కొట్టేది అందానికి కాదు, కింద వంపు కుదరలేదని. కుదరని చోట గాడి కొడితే లోపం దాగుతుందని వాళ్ల నమ్మకం. లోపానికి చుట్టూ గీత గీసి చూపించినట్టే అవుతుంది.

మన ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చింది. ఆకులు, గింజలు, బెరళ్ల నుంచి రంగులు తీసే పద్ధతిని నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 రిపబ్లిక్ డే కవాతులో ఢిల్లీలో మన శకటం కూడా నడిచింది. సంతోషమే. ఏటికొప్పాక అన్న పేరు చూసి చెయ్యి చాపేవాళ్లు ఇప్పుడున్నారు. కానీ ఆ గుర్తింపు వచ్చింది ఊరి పేరుకి, నీ కూజా మెడకి కాదు. పక్కనే కర్ణాటకలోని చన్నపట్న సరుకు పెట్టి అమ్ముతారు. అక్కడా ఇదే జాతి కర్ర, ఇదే లక్క. రెంటినీ పక్కపక్కన చూసేవాళ్లకి తేడా చూపించాల్సింది మన రంగూ మన గీతా రెండూను.

‘పెదనాన్నా, అంకుడు కర్ర దొరకడమే గగనం, పోగొట్టుకుంటూ నేర్చుకోమంటావా?’ అంటావు. న్యాయమైన మాటే. అడవి నుంచి రావాల్సిన కర్ర, ఎదగడానికి ఏళ్లు పడుతుంది. అందుకే తప్పులన్నీ అట్ట మీద చెయ్. అట్టముక్కని నిలువుగా మడిచి, సగం కూజా గీసి, కత్తిరించి విప్పితే రెండు వైపులూ సమానంగా పూర్తి కూజా వస్తుంది. వాటిని గోడకి వరసగా అంటించి నాలుగు రోజులు అటూ ఇటూ తిరుగుతూ చూడు. రెండో రోజుకి కొన్ని చూడబుద్ధి కావు, అవి పీకెయ్. మీ అమ్మని కూడా అడుగు, పని చెయ్యనివాళ్ల కన్ను మనకన్నా నిజం చెబుతుంది. మిగిలిన అట్టనే పక్కన ఆనించుకుని కర్ర మీదకెళ్లు. ఆ తర్వాత కూడా పాడైనదాన్ని పారెయ్యకు. నిలువునా రంపంతో కోసి లోపల చూడు. బయటి వంపుతో లోపలి వంపు కలిసి నడిచిందా, ఎక్కడ మందం మిగిలింది, ఎక్కడ ఇంకాస్తయితే చిల్లు పడేది, అన్నీ అక్కడ కనబడతాయి. పొయ్యిలో పెట్టడానికి తర్వాతైనా పనికొస్తుంది.

దసరా ఆర్డర్లు ఎలాగూ నీ పద్ధతిలోనే పూర్తి చెయ్, ఒప్పుకున్న సరుకు మధ్యలో మార్చకూడదు. అవి పంపేశాక ఒక్క కూజా నాకోసం చెయ్. 9 అంగుళాల ఎత్తు, గాళ్లు లేకుండా, పట్టీలు లేకుండా, లక్క ఒకే రంగులో. రంగు ముదురుది వెయ్, లేత రంగు మీద వంపు తప్పులు కొంత దాగుతాయి. అయ్యాక ఫోటో పంపకు. బస్సెక్కి నువ్వే తీసుకురా, కిటికీ పక్కన పెట్టుకుని ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న